రెట్ట మీద చెయ్యి

మా అవ్వ ఎవలతోటి మాట్లాడినా భుజం కింద నా రెట్ట గట్టిగ పట్టుకునే మాట్లాడేది. పోలీస్ యాక్షన్ అయిన ఏడు, మశూచి టీకాలేసేటోళ్లు మిలిటరీ జీపుల మా ఊరికొచ్చిన్రు. నిజాం మీద కొట్లాడి, ఇప్పుడు మిలిటరీకి దొరకకుంట తిరుగుతున్న సంఘపోళ్ల పిల్లలను గుర్తుపట్టెటందుకే గా టీకా మచ్చ అని పుకారు లేసింది. అవ్వ నన్ను వడ్ల గుమ్మిల దాచింది.

"టీకా మంచిదేనటనే, అమ్మా" అన్నడు బాపు.

"గా జీపులనే నీ తమ్ముణ్ణి ఎక్కించుకపోయిన్రు. ఇంకా రాలే" అన్నది అవ్వ.

కొన్నాళ్లకు, మా అమ్మకు పురుడు పోసిన మంత్రసాని టీకాలాయనను వెంటబెట్టుకొని నడుచుకుంట వచ్చింది. అవ్వ ముందుగాల తన రెట్ట చాపింది, తర్వాత నాది పట్టి ఇచ్చింది.

ఇప్పుడు, పన్నెండేండ్ల తర్వాత, పట్నంల మనస్తత్వశాస్త్రం చదువుతున్న. జనం పుకార్లెందుకు నమ్ముతరని సారు అడిగితే, చదువు లేకనే అంటది క్లాసంత. నాకు గా జీపు యాదికొస్తది.