మైపాడు ఎదురుచూసిన శుక్రవారం

ఉద్యోగ విరమణకు ముందు వచ్చిన వేసవిలో నన్ను నెల్లూరు జిల్లా ఎడిషన్ డెస్క్‌లో శుక్రవారం సినిమా పేజీకి మార్చారు. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన వారం అది. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. అంతకు ముందు చాలాకాలం వ్యవసాయం, వాతావరణం పేజీలు చూశాను. చిన్నప్పటి నుంచి సినిమా పిచ్చి ఉన్నవాణ్ని కాబట్టి ఆ రోజు డైరీలో "అడగకుండానే ఇచ్చారు" అని రాసుకున్నాను.

రాబోయే సినిమాల వార్తల్లో సగం పుకార్లే. నిర్మాతల తరఫున ప్రచారం చూసేవాళ్లు పంపే నోట్‌ను మేం వార్తగా తీసుకోం. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందా, నెల్లూరులోని పంపిణీదారు ఆఫీసు థియేటర్లను ఖాయం చేసిందా, థియేటర్ వాళ్లు బుకింగ్ తెరిచారా అని విడివిడిగా కనుక్కుంటాం. అన్నీ కుదిరితేనే "విడుదల" అని వేస్తాం. ఒక్కటి కుదరకపోయినా "విడుదలకు సన్నాహాలు" అని వేస్తాం. ఈ రెండు మాటల మధ్య తేడాను పాఠకులు పట్టించుకోకపోవచ్చు. డెస్క్‌లో మా పరువంతా ఆ తేడా మీదే ఉంటుంది.

అంత జాగ్రత్తగా చేసిన పేజీని మా ఇంట్లోనే చదవడం లేదని రెండో వారానికి అర్థమైంది. మా ఆవిడ ఫోన్‌లో షంషాద్ వీడియోలు చూస్తోంది. షంషాద్‌ది సముద్రపు ఒడ్డునున్న మైపాడులో బ్లౌజులు కుట్టే దుకాణం. ఫోన్‌ను కుట్టుమిషన్‌కు ఎదురుగా నిలబెట్టి, కుడుతూనే కొత్త సినిమాల కబుర్లు చెప్పేది. ఏ పాట విడుదలైంది, ఏ హీరో గడ్డం పెంచాడు, ఏ సినిమా ఎప్పుడొస్తుంది, అన్నీ. మధ్యలో దారం తెగితే ఆగి, సూదికి ఎక్కించుకుని, మళ్లీ మొదలుపెట్టేది. నేను క్షవరానికి వెళ్లినచోటా అదే గొంతు. డెస్క్ పేజీకి పేరు వేయరు. నేనెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆమెను మాత్రం విడవలూరు బస్సులో కూడా గుర్తుపట్టి పలకరిస్తున్నారని విన్నాను. అది నాకు నచ్చలేదు.

ఆ వేసవిలో తీరమంతా ఒక పెద్ద హీరో సినిమా గురించే మాట్లాడుకుంటోంది. అంతకు ముందు చలికాలంలో మైపాడు ఒడ్డున వల లాగే ఘట్టం తీశారు. ఊళ్లోని మత్స్యకార కుటుంబాల వాళ్లే అందులో నిలబడి వల లాగారు. సినిమా వేట నిషేధం ముగియడానికి ముందు వచ్చే శుక్రవారం విడుదలవుతుందని ప్రకటన వచ్చింది. ఆ తేదీ వాళ్లకు ముఖ్యం. నిషేధం ఉన్నన్నాళ్లే మగవాళ్లు ఒడ్డున ఉంటారు. అది ఎత్తేస్తే పడవలు కదులుతాయి, ఇక ఇంటిల్లిపాదీ ఒకే ఆటకు వెళ్లే వీలుండదు. షంషాద్ ఆ తేదీ చెప్పిన రోజే ఊరివాళ్లు నెల్లూరు వెళ్లడానికి బస్సు మాట్లాడుకున్నారు.

నేను పంపిణీదారు ఆఫీసుకు ఫోన్ చేశాను. సెన్సార్ కాలేదని, సినిమా రాకపోవచ్చని చెప్పారు. "వాయిదా పడే సూచనలు" అని ఒక కాలమ్ వార్త వేశాను. ఎవరూ ఫోన్ చేయలేదు. షంషాద్ మరుసటి వీడియోలో కూడా పాత తేదీనే చెప్పింది.

సెలవు రోజు చూసుకుని ఆటోలో మైపాడు వెళ్లాను. పొరపాటు సరిదిద్దించడానికే వెళ్లానని అప్పట్లో అనుకున్నాను. దుకాణంలో షంషాద్‌తో పాటు పోలమ్మ అనే పెద్దావిడ, జాకెట్టు కొలతలకు వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. నేను పేపరు విప్పి చూపించి, పంపిణీదారు చెప్పిన సంగతి వివరించాను.

షంషాద్ మిషన్ ఆపింది. "మీరు రాసింది చదివినాను సార్. రాకపోవచ్చు అన్నారు. రాదు అనలేదు గదా?"

సెన్సార్ కాకుండా ఏ సినిమా రాదని చెప్పాను.

పోలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏమబ్బయ్యా, తుపాను వస్తాదని రాసేది నువ్వేనా? ఇప్పుడు సినిమా రాదని రాస్తుండావా? వచ్చేదొకటైనా రాయి సామీ."

నేను వాతావరణం పేజీ చేసిన సంగతి ఆమెకు తెలిసే అవకాశం లేదు. అయినా మాట సూటిగా తగిలింది. షంషాద్ నవ్వు ఆపుకుని నాకు టీ తెప్పించింది. శుక్రవారం రాకపోతే ఆ మాట తానే చెబుతానంది.

సినిమా రాలేదు. గురువారం సాయంత్రం వాయిదా ప్రకటించారు. అందరికంటే ముందు రాసిన పేపరు మాదే. మర్నాడు డెస్క్‌లో ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఎదురుచూశాను. మా ఎడిషన్ ఇన్‌చార్జి, నాకంటే చాలా చిన్నవాడు, ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. షంషాద్ వీడియో. బస్సు ఎక్కాల్సిన జనమంతా కొత్త బట్టలతో మైపాడు ఒడ్డున ఉన్నారు. సినిమా రాలేదు గనుక తామే చూపిస్తామని, వల తెచ్చి ఆ ఘట్టాన్ని మళ్లీ లాగుతున్నారు. హీరో నిలబడిన చోట పోలమ్మ నిలబడి కేకలేస్తోంది.

"మీరు రాసింది కరెక్టే సార్," అన్నాడు ఇన్‌చార్జి. "కానీ చూడండి, జిల్లా అంతా ఇక్కడ ఉండాది."

తర్వాతి వారం నుంచి విడుదలల జాబితాను కుదించి, ఆ జాగాలో ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆమె వీడియోలు తెరుచుకునే క్యూఆర్ కోడ్ అచ్చేశారు. దాన్ని పేజీలో సరిగ్గా కూర్చోబెట్టే పని నాదే.

వానలు మొదలయ్యాక, పడవలు వేటకు వెళ్లిపోయాక సినిమా వచ్చింది. నెల్లూరులో మొదటి ఆట చూశాను. వల లాగే ఘట్టం ఉంది. పైనుంచి డ్రోన్‌తో తీసిన ముక్క మాత్రమే ఉంచారు. ఇసుక మీద మనుషులు చుక్కల్లా ఉన్నారు, ఒక్క ముఖమూ తెలియదు. నిజం చెప్పాలంటే నాకు కొంత తృప్తి కలిగింది. ఇప్పుడు ఏం చెబుతుందో చూద్దామని సాయంత్రం ఆమె వీడియో పెట్టాను. "ఎడం పక్క నుంచి మూడో చుక్క మా పోలమ్మక్క, బాగా చూడండి," అంది షంషాద్. పడవలు ఒడ్డుకు వచ్చినప్పుడల్లా మైపాడు వాళ్లు వంతులవారీగా వెళ్లి ఆ చుక్కను చూసి వచ్చారట.

ఆ పేజీ నాకు నేర్పింది ఇది. విడుదల తేదీ వార్తే, దాన్ని సరిచూడటం డెస్క్ పని. ఆ తేదీ కోసం కాచుకోవడం జనం పని. వాళ్లతో కలిసి కాచుకునే మనిషి ఒకసారి తేదీ తప్పినా నష్టపోదు. కాచుకోని మనిషి ప్రతిసారీ సరిగ్గా చెప్పినా లాభపడడు.

ఇప్పటికీ గురువారం తేదీలు కనుక్కుని డైరీలో రాసుకుంటాను, ఆ తర్వాతే ఆమె వీడియో చూస్తాను. మొన్న ఒక సినిమా తేదీ తప్పు చెప్పింది. వీడియో కింద కామెంట్లలో నా పేరుతోనే సరైన తేదీ రాశాను. పోలమ్మ మనవరాలట, "రానీలే తాతా" అని బదులిచ్చింది. ఆ బదులుకే ఎక్కువ లైకులు వచ్చాయి.