మెట్ల దగ్గర పన్నెండో తల

ఆ బడిలో చిన్నపిల్లల అంతస్తుకి ఇరవైమూడేళ్లుగా ఆయమ్మే దిక్కు. ముక్కులు తుడవడం, బూట్ల లేసులు కట్టడం, ఏడుపుల్లో అసలుదేదో దొంగదేదో తేల్చడం, తడిసిన నిక్కరును పక్కవాడికి కూడా తెలియకుండా మార్చేయడం ఆమె పని. సాయంత్రం ఇంటి గంట కొట్టగానే పిల్లలను మెట్ల మొదట్లో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద అరచేయి ఆనించి, లెక్క పైకి చదువుతూ కిందికి పంపేది. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకునేవారు. ప్రేమే, కాదనలేం. కానీ గత రెండేళ్లుగా అందులో సగం ప్రేమ, సగం కంటి పొర.

ఆ సంగతి కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు హెడ్‌మేడమ్ గది బయట కొక్కేనికి తగిలించిన రెయిన్‌కోటును మేడమే అనుకుని ఆయమ్మ వంగి వంగి నమస్కారం పెట్టింది. రెయిన్‌కోటు పలకలేదు. తనవల్ల ఏం తప్పు జరిగిందో తెలియక రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు వాన పడి, మేడమ్ ఆ కోటు తొడుక్కుని పోయాక గానీ గండం గడవలేదు.

"చెప్పేయమ్మా, ఆపరేషన్ చేయించుకుందువుగాని," అనేది కూతురు.

"చెబితే పిల్లల దగ్గరనుంచి తీసి స్టోరు గదిలో కూర్చోబెడతారే. చాక్‌పీసులకు ముక్కు తుడవమంటావా?"

అలా నెట్టుకొస్తూ ఉండగా, సెలవుల్లో నోటీసు వచ్చింది. పాఠాలు చెప్పని సిబ్బందికి రెండు రోజుల శిక్షణ. ఆయాలు, డ్రైవరు, గేటు తాత, వంటవాళ్లు, లాబ్ అటెండరు, గుమాస్తా, అంతా కలిపి పన్నెండు మంది. బడి తెరిచాక అంతస్తుకో బాధ్యురాలు ఉంటుంది. శిక్షణలో నెగ్గినవాళ్లకే ఆ పని. నెగ్గనివాళ్లను ఎక్కడ వేయాలో తరవాత చూస్తారు. ఆ 'తరవాత' అనే మాటలో ఆయమ్మకి స్టోరు గది కనిపించింది.

నేర్పడానికి వచ్చినవాడు కుర్రాడు. మెళ్లో ఈల, చేతిలో స్టాప్‌వాచ్, ముఖంలో నవ్వు మాత్రం లేదు. మొదటిరోజు రక్తం ఆపడం, గొంతులో అడ్డం పడ్డది తీయడం, ఫోనులో అడ్రసు గుక్క తిప్పుకోకుండా చెప్పడం నేర్పాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డ మనిషిగా డ్రైవర్ నటించాడు. అతన్ని అందరూ బ్రేకు అంటారు, మాట్లాడ్డం మొదలుపెడితే పడనిది అదొక్కటే కాబట్టి. ఆయమ్మ వీపు మీద నాలుగు దెబ్బలు వేసేసరికి అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "ఆయమ్మా, పిల్లలను కూడా ఇలాగే కొడతావా? ఏ ఒక్కడూ నీమీద పితూరీ చెప్పడేం?" అన్నాడు మూలుగుతూ.

రెండోరోజు పొగ కసరత్తు, బడికి నిప్పంటుకుంటే అందరినీ బయటికి దింపడం. "పొగలో కళ్లుండవు, చేతులే కళ్లు," అని చెప్పి శిక్షకుడు అందరికీ నల్లటి గంతలు పంచాడు. ముందువాడి భుజం మీద చేయి వేసి వరసగా నడవాలి. బాధ్యురాలు మెట్ల మొదట్లో నిలబడి, దాటే ప్రతివాళ్లనూ తాకి లెక్కపెట్టి, అందరూ దిగాక ఆఖరున దిగాలి. కింద శిక్షకుడికి లెక్క ఒప్పజెప్పాలి. ఒక్కొక్క అంతస్తులో ఒక్కొక్కరు బాధ్యత తీసుకుంటారు. చిన్నపిల్లల అంతస్తు ఆయమ్మది.

ఆమె లోలోపల ఎంత పొంగిందో చెప్పలేం. లోకమంతటికీ గంతలు కడితే ఇక తనకు పోటీ ఎవరు?

అప్పుడు పొద్దున పదకొండయింది. సెలవుల బడి ఎండలో ఉడుకుతోంది. కుర్చీలు బల్లలమీద తలకిందులుగా కాళ్లు చాపుకున్నాయి. వరండా గోడకి నడుమెత్తున ఉన్న కొక్కేలకు ఒక్క సంచీ లేదు. పిల్లలు లేని చిన్నపిల్లల అంతస్తులో మామూలుగా మాట్లాడినా ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టుంది. బ్రేకు కూడా గొంతు తగ్గించాడు.

ఈల మోగింది. గంతల చీకట్లో వరస కదిలింది. ఆయమ్మ మెట్ల పక్క గోడకి వీపు ఆనించి చేయి చాచింది. ఒకటి, గేటు తాత, ఎముకల భుజం. రెండు, వంటమనిషి, తలకి కట్టిన గుడ్డ. మూడు, బ్రేకు బట్టతల, చెమటతో జారుతోంది. "మెల్లిగా, నున్నగా తోమించుకొచ్చాను," అని అతనే గొణిగాడు. అలా తొమ్మిది, పది. పదకొండు, ఈమధ్యే ఆయాగా చేరిన కొత్తమ్మాయి, వణుకుతున్న భుజం. వరసలో ఆఖరు మనిషి ఆమే.

ఆయమ్మ చేయి దించింది. నడుము దాకా దిగిన చేయి ఒక తల మీద ఆగింది.

చిన్న తల. నడుమ పాపిడి, రెండు జడలు, కుదుళ్లలో కాస్త తడి. ఆటలు ఆడి వచ్చిన పిల్ల తలలాగా వెచ్చగా ఉంది. రోజూ వందసార్లు చేసే పని కనక చేయి దానంతటదే ఒకసారి నిమిరింది, నోరు దానంతటదే "పన్నెండు, పద నాన్నా," అంది. తల చేతికింద నుంచి జారి ముందుకి పోయింది.

ఆ తరవాత గుర్తొచ్చింది, సెలవులని.

గంత లాగేసింది. వరండా తెల్లగా, పాలలో ముంచినట్టు కనిపించింది. ఈ మధ్య ఆమెకి అన్నీ అలాగే కనిపిస్తున్నాయి.

కింద శిక్షకుడు స్టాప్‌వాచ్ నొక్కాడు. "సమయం బావుందమ్మా. ఎంతమంది?"

"పన్నెండు."

"మీతో కలిపా?"

"నేను కాక."

అందరూ నవ్వారు. "నన్ను రెండుసార్లు వేసుకుంది సార్! నాకో నంబరు, నా పొట్టకో నంబరు!" అన్నాడు బ్రేకు.

శిక్షకుడు నవ్వలేదు. "లెక్క తగ్గితే ఒక మనిషి లోపల కాలిపోతాడు. పెరిగితే లేని మనిషి కోసం వెళ్లినవాడు కాలిపోతాడు. రెండూ ఒకటే తప్పు. టీ తాగాక ఇంకొక్కసారి చేయిస్తాను. అప్పుడూ తప్పితే మిమ్మల్ని ఈ అంతస్తుకి రాయలేను."

టీ గ్లాసు పట్టుకుని ఆయమ్మ బ్రేకుని పక్కకి లాక్కుపోయింది. "నిజం చెప్పు. వంగొచ్చావా?"

"ఈ పొట్టతో వంగితే మళ్లీ లేవనా? నా స్టీరింగు మీద ఒట్టు ఆయమ్మా, నేను కాదు," అన్నాడు. ఆటపట్టించే మనిషి ఆటపట్టించకుండా మాట్లాడితే ధైర్యం రావాలి గానీ, ఆమెకి ఉన్నదీ పోయింది.

గేటు తాత బడి పునాదులనుంచీ ఉన్నవాడు. అతన్నడిగింది, ఇక్కడ ఎప్పుడైనా ఏ పిల్లకైనా ఏదైనా అయిందా అని.

తాత టీ గ్లాసు పక్కన పెట్టాడు. "లేదే. మోకాళ్లు పగలడం, పన్ను ఊడడం, అంతే. అంతకుముందు ఇక్కడ ఖాళీ స్థలం. ఏదో ఒకటి అయ్యుంటే బావుండేదే తల్లీ. ఓ కథ ఉంటే, ఇదీ సంగతి అనుకుని ఊరుకునేవాళ్లం. ఏమీ కాలేదు మరి."

గ్లాసులు కడిగే చోట కొత్తమ్మాయి ఆమె పక్కకి చేరింది. నీళ్ల చప్పుడులో వినపడీ వినపడకుండా అంది: "అత్తా, వరసలో ఆఖరు నేనే కదా?"

"నువ్వే."

"నా చొక్కా కొస వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. గట్టిగా కాదు. పిల్లలు పట్టుకుంటారే, అలా."

"మరి అక్కడ చెప్పలేదేమే?"

"చేరి నెల కాలేదు. పిచ్చిదని పంపించేస్తారని."

ఆయమ్మ చేతిలో గ్లాసు కడిగి బోర్లించింది. భయం సగానికి తగ్గాలి, ఇద్దరు పంచుకున్నారు కాబట్టి. రెట్టింపయింది. అయినా ఒక నిర్ణయానికి వచ్చింది. ఈసారి ఏం తగిలినా సరే, పదకొండు అని దిగిపోవాలి. ఇరవైమూడేళ్ల చోటు ఒక్క అంకెకి పోగొట్టుకోవడానికి తనకేం పట్టింది?

రెండోసారి శిక్షకుడు గంత లేకుండా మెట్ల మొదట్లోనే, ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. ఈల మోగింది. గేటు తాత, వంటమనిషి, బ్రేకు. ఈసారి బ్రేకు నోరు విప్పలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. కొత్తమ్మాయి దాటేటప్పుడు ఆయమ్మ వేళ్లను ఒకసారి నొక్కి పోయింది.

"పదకొండు," అంది ఆయమ్మ గట్టిగా. అని, చేతిని తనవైపు లాక్కోబోయింది.

తల అప్పటికే అరచేతికింద ఉంది.

మాట్లాడకూడదని పళ్లు బిగించింది. మెట్లమీద కిందికి పోతున్న అడుగుల చప్పుడు. ఎదురుగా స్టాప్‌వాచ్ టిక్కుటిక్కు. అరచేతికింద తల కదలకుండా తన వంతు కోసం కాచుకుంది. వంతు రాలేదు. అప్పుడు మెల్లగా వెనక్కి వాలి, ముఖం పైకెత్తింది. లెక్కలోకి రాని పిల్ల, నేనో అన్నట్టు ఎలా చూస్తుందో ఆయమ్మకి తెలుసు. ఇరవైమూడేళ్లలో ఎన్ని ముఖాలు అలా లేచాయో. గంత కింద కళ్లు మూసుకునే ఉన్నా ఆ చూపు తగిలింది.

"పన్నెండు," అంది.

"అమ్మా, అక్కడెవరూ లేరు," అన్నాడు శిక్షకుడు. "గంత తీసి చూసుకోండి."

"తీసినా కనపడదు బాబూ." గొంతు ఎవరిదోలా ఉంది ఆమెకే. "రెండేళ్లయింది, రెండు కళ్లలోనూ పొర. ఎవరికీ చెప్పలేదు. నువ్వే చూసి చెప్పు, నా చేయి కిందికెందుకు దిగట్లేదో."

చెప్పేసింది. ఏ మాటని దాచడానికి రెయిన్‌కోట్లకు నమస్కారాలు పెట్టిందో ఆ మాట.

శిక్షకుడు దగ్గరికి వచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని, ఓదార్పుగానే, కిందికి నొక్కాడు. చేయి దిగలేదు. ఇంకాస్త నొక్కాడు. ఆమె చేయి బిగపట్టలేదని అతనికి తెలుస్తూనే ఉంది. వేళ్లు వదులుగా, ఏదో గుండ్రటిదాని మీద పరుచుకుని ఉన్నాయి. అతను మణికట్టు వదిలేసి ఒక అడుగు వెనక్కి వేశాడు. స్టాప్‌వాచ్ తిరుగుతూనే ఉంది. ఆపడం మరిచిపోయాడు.

"నడిపించుకు రండి," అన్నాడు చాలా చిన్నగా.

ఇరవైరెండు మెట్లు. ఆయమ్మ గంతలతోనే దిగింది. ఒక మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ఆగి, మళ్లీ ఒక మెట్టు, చిన్నపిల్లలను దింపే నడక. "గోడ పట్టుకో. తొందర లేదు," అంటూనే ఉంది. కింద ఆవరణలో నిలబడ్డ పదకొండు మందీ గంతలు తీసి చూశారు. నడుమెత్తున చేయి చాచుకుని ఆయమ్మ, ఆమె పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, గోడకి నక్కి ఒక్కో మెట్టు దిగుతున్న శిక్షకుడు. కొత్తమ్మాయి ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

గుమ్మం దాటి ఎండలోకి వచ్చారు. రెండు అడుగులు వేశాక ఆయమ్మ చేయి ఒక్కసారిగా తేలికై పక్కకి పడింది. గంత తీసి అరచేయి చూసుకుంది. తడిగా ఉంది. చెమటే అయ్యుండొచ్చు.

"ఎంతమంది?" నిబంధన ప్రకారం శిక్షకుడు అడిగాడు. అడక్కపోతే ఎలా నిలబడాలో తెలియక అడిగినట్టుంది.

"పన్నెండు. అందరూ బయటికొచ్చారు."

అతను కాగితం మీద పన్నెండు వేశాడు. దాని కింద, ఆమెకి వినపడేలా చదువుతూ, రెండో మాటా రాశాడు. లెక్క చెప్పడంలో లోపం లేదు, చూపు బాగయ్యేదాకా అంతస్తు బాధ్యత ఇవ్వడం కుదరదు.

హెడ్‌మేడమ్ ఆయమ్మను గదిలోకి పిలిచి, గట్టిగానే చీవాట్లు పెట్టింది. రెండేళ్లు దాచినందుకు, మధ్యలో ఏ పిల్లకైనా ఏదైనా అయితే అని. ఆయమ్మ తలవంచుకుని అంతా వింది. ఈసారి ఎదురుగా ఉన్నది మేడమే, కోటు కాదు. చివరికి మేడమ్ కంటి ఆసుపత్రికి ఉత్తరం రాసి చేతికిచ్చింది. "బాగయ్యాక రండి. చోటు మీదే. అందాకా కొత్తమ్మాయి చూస్తుంది."

పోయిందనుకున్నది పూర్తిగా పోలేదు. దక్కుతుందనుకున్నది వెంటనే దక్కలేదు. ఆయమ్మకి అది చాలనిపించింది.

బడి తెరిచే ముందురోజు, కూతురి చేయి పట్టుకుని అప్పగింతకి వచ్చింది. తాళాలు, నిక్కర్ల పెట్టె, ముక్కుగుడ్డల కట్ట అన్నీ అయ్యాక కొత్తమ్మాయి రిజిస్టరు గుండెకి హత్తుకుని నిలబడింది.

"అత్తా, ఎంతమందిని అప్పజెబుతున్నావు నాకు?"

"అందులో ఎంతమంది ఉంటే అంతమందినే." ఆయమ్మ రెండు మెట్లు దిగి, ఆగింది. "అందులోవాళ్లు అయిపోయాక మాత్రం వెంటనే చేయి దించేయకు. కాస్త ఉండు."