అక్కకు నేను పెట్టిన పథ్యం

పుదుచ్చేరిలో మే నెలలో స్వెట్టర్ వేసుకున్న మనిషిని మా ఇంట్లోనే చూశాను. మా అక్క. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. వంటింటి నుంచి వరండాకు రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగేది.

పక్కింటి అత్త గుప్పెట్లో కల్లుప్పుతో వచ్చింది. "దిష్టిరా. మూడు సుట్లు తిప్పి పారేస్తా. నువ్వు సుమ్మా ఉండు."

ఊరికే ఉండడం నాకు చేతకాదు. దిష్టికి రుజువేదని ముప్పై ఏళ్లుగా సభల్లో అడుగుతున్నవాణ్ణి. ఒంట్లో ఉప్పు ఎక్కువైతేనే ముఖం ఉబ్బుతుందని ఆమెకు గుమ్మంలోనే ఉపన్యాసమిచ్చి పంపాను. ఆ పూట నుంచి అక్క కంచంలో ఉప్పు లేదు. ఉన్న ఉప్పు కొట్టుకుపోవాలని రోజుకు నాలుగు పెద్ద సీసాల నీళ్లు తాగించాను.

"ఇంకోటా? ఇది కడుపనుకున్నావా, వాటర్ ట్యాంకనుకున్నావా?"

"తాగక్కా. సైన్సు."

పదో రోజు పొద్దున, అమ్మకు కాఫీ ఇచ్చి రమ్మంది అక్క. అమ్మ పోయి పదకొండేళ్లు. మధ్యాహ్నానికి పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టర్ యానాం అమ్మాయి. రక్తపరీక్ష చూసి చెప్పింది. "థైరాయిడ్ దాదాపు పనిచేయట్లేదండి. అది మందగిస్తే గుండె కూడా నెమ్మదిస్తుంది. నీళ్లు చాలట్లేదని ఒళ్లు పొరబడి, వాటిని పట్టి ఉంచే ఇంకో హార్మోనును వదులుతుంది. కిడ్నీలు నీళ్లు వదలవు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పలచబడిపోతుంది. దానికి తోడు ఇన్నేసి నీళ్లు ఎవరు తాగమన్నారండీ?"

"నేనే."

"మీరు డాక్టరా?"

"కాదు. హేతువాదిని."

ఆమె అది కేసు షీట్లో రాయలేదు.

రక్తపరీక్ష చేసే చోటు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంది. ఊరందరినీ రుజువు అడిగిన నేను అక్కడిదాకా నడవలేదు. పరీక్షించకుండా నమ్మినది మూఢనమ్మకమే. విజ్ఞానం పేరు తగిలిస్తే అది ఇంకా ప్రమాదం, ఎవరూ ఎదురు చెప్పరు.

థైరాయిడ్ మందు మొదలుపెట్టారు. నీళ్లు కొలిచి ఇచ్చారు. సోడియం మెల్లగానే పెంచాలట, గబుక్కున పెంచితే మెదడు దెబ్బతింటుందట. అక్క మళ్లీ అక్కగా లేస్తుందా అని అడిగాను. చూద్దామండి అంది డాక్టర్.

రోజూ పొద్దున్నే నన్ను చూపించి, ఈయన ఎవరని అక్కను అడిగేది. మొదటి రోజు అక్క కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంది. రెండో రోజు నేను మా నాన్నను. మూడో రోజు కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణి.

నాలుగో రోజు అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"వీడా? నా తమ్ముడు. ఒకరి మాట వినే జాతి కాదు."

"కరెక్టుగానే చెప్పారండి," అంది డాక్టర్.