ఎడమచేతి తంబూర

అచ్చుల మస్తాన్ గారు ఇక లేరన్న వార్త నాకు మొదట చెప్పినది చిలకలపూడి నుంచి గిల్టు నగల పెట్టెతో వచ్చే కోటమ్మగారు. అరుగు మీద పెట్టె దించకుండానే, "పెడన మస్తాన్ గారు నిన్న పోయారంటమ్మా, ఆయాసంతోనే. పాపం, ఆఖరి అచ్చులో చెయ్యి తప్పిందని అందరూ అనుకుంటున్నారు" అన్నది. దేవుడికి కడుతున్న మాల నా చేతిలోనే ఆగిపోయింది. ఉప్పెన వచ్చి వెళ్ళిన ఈ రెండేళ్ళలో ఇన్ని మరణవార్తలు విన్న చెవులకు మరొకటి ఎక్కదనుకున్నాను, ఎక్కింది. ఏడవడానికి ఓపిక లేదు. అయినా కోటమ్మగారి రెండో మాటకు జవాబు చెప్పవలసినదాన్ని నేనే కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయన కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కిన శిల్పి. బందరులో మా ఇంట తాతల నాటి చిత్రవస్త్రం ఒకటి ఉండేది. వీణ, మృదంగం, వేణువు ధరించిన విద్వాంసులు వరుసగా, వరుస చివర తంబూర పట్టిన ఒక స్త్రీ. ఆ బృందాన్ని అచ్చులకెక్కించాలన్న కోరికతో ఆయన మా నాన్నగారి దగ్గరకు వచ్చారు. బడి ముఖం చూడని నాకూ అక్కయ్యకూ నాన్నగారు ఇంట్లోనే అక్షరాలూ సంగీతమూ నేర్పుతున్న రోజులవి.

తొలి అచ్చు బట్ట మీద అద్ది తెచ్చారు. నేను పక్కున నవ్వాను.

"మావయ్యా, ఈయన వీణ ఎడంచేత్తో మీటుతున్నారేం?"

చెక్క మీద బొమ్మను కుడి ఎడమలు తిరగేసి చెక్కితేనే బట్ట మీద సరిగా పడుతుంది. ఆయన బట్టను ఎత్తి చూశారు, దించి చూశారు. "ఇరవయ్యేళ్ళు పువ్వులే చెక్కానమ్మా. పువ్వుకి కుడేంటి, ఎడమేంటి? ఆ అలవాటు మనుషుల దగ్గర పనికిరాలా" అన్నారు. ఆ చెక్కను పారేయలేదు. తన పాకలో గుమ్మానికి ఎదురుగా మేకుకు తగిలించి, ఎవరడిగినా "ఆయన మా గురువుగారు" అనేవారు.

జీవనానికి పువ్వులు, తీరికకు విద్వాంసులు. అందుకే ఏళ్ళు పట్టింది. ప్రతి బొమ్మకూ ముందు మా ఇంటికి వచ్చి, వాయించమని విని గాని ఉలి పట్టేవారు కారు. "వినకుండా చెక్కితే వేళ్ళు పుల్లలైపోతాయి" అనేవారు. చివరకు తంబూర స్త్రీ ఒక్కతే మిగిలింది.

దివిసీమకు కాపురానికి వెళ్ళిన అక్కయ్యను ఉప్పెన తీసుకుపోయింది. మా ఇంటి కప్పు కారి చిత్రవస్త్రం అంచు చివికి, తంబూర స్త్రీ ముఖమూ చేతులూ చెరిగిపోయాయి. అక్కయ్య తంబూరకు గుడ్డ చుట్టి అటకెక్కించాను. ఆయన ఆయాసపడుతూ వచ్చి, "ఒక్కసారి పట్టుకుని చూపించమ్మా, ఇదొక్కటీ అయితే చాలు" అన్నారు. రెండుసార్లు కాదన్నాను. మూడోసారి వచ్చి అరుగు మీద కూలబడి దగ్గుతుంటే చూడలేక, దించాను.

పట్టుకుని, మళ్ళీ కింద పెట్టాను. "నాది వీణ, మావయ్యా. తంబూర అక్కయ్యది. అదీ ఎడంచేత్తో మీటేది. నాన్నగారు దిద్దీ దిద్దీ ఊరుకున్నారు. చెంప తంబూర పొడుగాటి దండికి ఆనించి కళ్ళు మూసుకునేది."

ఆయన "అయితే అట్టాగే ఉండనీ" అన్నారు.

అద్దిన బట్ట చూడ్డానికి పెడన వెళ్ళాను. వరుస చివర, చెంప దండికి ఆనించి, మా అక్కయ్య కూర్చుని ఉంది. పాకలో అద్దకం వేసే పెద్దాయన నవ్వుతున్నాడు. "ఏం మస్తానూ, మళ్ళీ మొదటికొచ్చావే! గురువుగారు ఎదురుగా ఉండి కూడా చెప్పలా?"

"ఔన్లేవయ్యా, కళ్ళు మసకలొచ్చినయ్."

నేను నోరు తెరవబోతే చేత్తో వారించారు. బయటకు వచ్చాక, "ఇంటి ఆడపిల్ల సంగతి పాకలో ఎందుకమ్మా? నవ్వేది నన్నే కదా" అన్నారు. ఆ రోజు ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది.

అక్కయ్య ఫొటో ఒక్కటైనా మాకు మిగలలేదు. ఆమె రూపం ఈ లోకంలో ఉన్నది ఆ బట్ట మీదే. సాయంత్రం దీపం పెట్టి నమస్కరించేటప్పుడు ఆయన పేరూ చెప్పుకుంటున్నాను. అంతకు మించి ఇవ్వగలిగింది నా దగ్గర లేదు. విని చెక్కే ఆ చెయ్యి పెడనకు మళ్ళీ రాదు.

ఆ బట్ట ఎక్కడైనా మీ కంటబడితే, చివర ఎడంచేత్తో తంబూర మీటే ఆవిడను చూసి అచ్చు తప్పిందనకండి. తెలిసి చెక్కి, తెలియనివాడిలా నవ్వులపాలైన మస్తాన్ గారిని ఒక్కసారి తలచుకోండి.