చక్రవర్తికి వన్స్ మోర్

ఆగస్టు పదిహేనుకి సింగపూరు సెరంగూన్‌లో మా కాండో అపార్ట్‌మెంట్ల హాల్లో తెలుగువాళ్లం వేసే నాటికలో బ్రిటిష్ రాజు వేషం ఎవరికీ అక్కర్లేదు. అందరికీ నాయకుల వేషాలే కావాలి. నాకు నత్తి. వద్దనే మాట నోట్లోంచి వచ్చేలోపే ఆ అట్టకిరీటం నా నెత్తిన పడింది.

రాజు గురించి చదివాక ఆయన మీద కోపం పోయింది. ఆయనకీ నత్తేనట. అన్న సింహాసనం వదిలేసి వెళ్లిపోతే, తమ్ముడిగా పుట్టిన పాపానికి గద్దె ఎక్కాడు. మనకు చక్రవర్తి అనిపించుకున్నాడు గానీ, ఆ హోదాలో మన నేల మీద కాలే పెట్టలేదు. చూడని దేశాన్ని వదులుకోవడం ఎలా ఉంటుందోనని సైన్స్ పార్క్‌లో ఆఫీసుకి వెళ్లే బస్సులో ఆలోచించేవాణ్ణి. జాలేస్తోందంటే మా ఆవిడ నన్ను దేశద్రోహి అంది.

ఇకపై తాను చక్రవర్తిని కానని చెప్పడమే నాటికలో రాజు పని. రిహార్సల్‌లో ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అందరూ నేలచూపులు చూశారు. ఆఫీసు మీటింగుల్లో చాట్‌లో టైప్ చేసి నెట్టుకొచ్చే మనిషిని. జనం ముందు ఒక్క మాట పూర్తిగా చెప్పాలని నాకెంత ఆశో ఎవరికి తెలుసు?

నాటిక నేర్పే ఆంటీది తెనాలి. వయసులో పౌరాణిక నాటకాలు ఆడిన మనిషి.

"మాట నీకు అడ్డం పడుద్ది గానీ రాగం పడదు. పద్యం పాడు," అన్నారు.

"ఇం... ఇంగ్లండు రాజు పద్యం పాడతాడా ఆంటీ?"

"మన స్టేజీ ఎక్కాక ఎవరైనా పాడాల్సిందేనయ్యా."

"కింగ్స్ డోంట్ సింగ్ లా, నాన్నా," అంది పక్కనే ఉన్న మా అమ్మాయి, సింగపూరు యాసలో.

ఆంటీ మోహనలో పద్యం కట్టి, తన ఆదివారాలన్నీ నాకే ఇచ్చారు. నాటిక రోజున కిరీటం తీసి చేత్తో పట్టుకుని పాడాను. ఎక్కడా తడబడలేదు. రాగం ఆపగానే వెనక వరసల్లోంచి "వన్స్ మోర్" అని కేకలు. మంచి పద్యానికి మనవాళ్లిచ్చే మర్యాద అది, కాదనకూడదు. కిరీటం మళ్లీ పెట్టుకుని, సామ్రాజ్యాన్ని రెండోసారి వదులుకున్నాను. పాపం, అసలు రాజుని ఎవరూ అలా అడిగి ఉండరు.

తెర పడ్డాక ఆంటీకి కృతజ్ఞతలు చెప్పబోతే మాట ఆగిపోయింది. అలాంటప్పుడు ఎవరైనా నా మాట తామే పూర్తి చేసేస్తారు. ఆవిడ చెయ్యలేదు. కుర్చీలు సర్దేస్తున్నా కదలకుండా నా ఎదురుగా నిలబడ్డారు.

"నిదానంగా చెప్పు నాయనా, వింటన్నా," అన్నారు.

మొత్తం చెప్పాను.