చర్చి పేరు, కార్డు పేరు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన చిన్నాన్న కూతురు తన ఫోను నా చేతికిచ్చి, కువైట్‌లో నర్సుగా ఉన్న కూతురు పంపిన డబ్బు పడిందో లేదో చూడమంది. పడింది. దేశాల మధ్య డబ్బు చేరవేసే కంపెనీలు ఎక్కడివైనా సరే ఇక్కడ అనుమతి తీసుకోవాలనీ, పంపేదెవరో అందుకునేదెవరో రుజువు చూసుకోవాలనీ ఆ ఉదయమే పేపర్లో చదివాను. అందుకేనేమో, ఫోను చూస్తున్నంతసేపూ పోయిన మా ఆయనే గుర్తుకొచ్చారు.

మన తరం వాళ్లకు తెలుసు, అప్పట్లో రాజంపేట చుట్టుపక్కల వీధికొకరైనా కువైట్‌లో ఉండేవారు. వాళ్ల సంపాదన కొంత హుండీలో వచ్చేది. అక్కడొకరికి ఇస్తే ఇక్కడ వాళ్ల మనిషి రసీదు లేకుండా ఇంటికి తెచ్చిచ్చేవాడు, తేకపోతే అడగడానికి చోటుండేది కాదు. అనుమతి ఉన్న కంపెనీ కౌంటరొకటి మా ఆయన బస్టాండు దగ్గర నడిపేవారు. పక్కన కూర్చుని నేను రసీదులు రాసేదాన్ని.

మా చర్చి కుటుంబాల్లో చాలామందికి రెండు పేర్లు. బడిలో, రేషను కార్డులో ఒకటి, బాప్తిస్మంలో పెట్టింది ఇంకొకటి. ఒకరోజు ఈ ఆడబిడ్డే పరుగున వచ్చింది. పాపకు కడప ఆసుపత్రిలో ఆపరేషను, సాయంత్రంలోగా డబ్బు కట్టాలి. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న భర్త పంపనైతే పంపాడు గానీ, కంగారులో తాను పిలిచే చర్చి పేరే రాయించాడు. కార్డులో వేరే పేరు. మా ఆయన ఇవ్వలేనన్నారు.

“ఏమన్నా, నేనెవరో తెలీదా నీకు? ఆ హుండీ ఆయప్పయితే ఈపాటికి చేతిలో పెట్టుండేటోడు!”

“నువ్వెవరో నాకు తెలుసులేమ్మా. పంపేటోళ్లకు నేను తెలీదు గదా. పేరు చూసే ఇస్తారని నమ్మి పంపుతాండారు.”

“నీ రూలు మన్నుబొయ్యా!” అని ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆయన కువైట్‌లో ఆమె భర్త ఉండే గదికి ఫోను చేశారు, అతను బండి మీద వెళ్లాడన్నారు. మళ్లీ మళ్లీ చేసి, చివరికి అతను దొరికాక, డబ్బు కట్టిన చోటికే వెళ్లి పేరు మార్పించమన్నారు. అక్కడ మధ్యాహ్నం మూసి ఉన్న దుకాణం తెరిచేదాకా ఈయన అన్నానికి లేవలేదు. ఆమెకు తెప్పించిన టీ అలాగే చల్లారిపోయింది. మారిన పేరుతో కబురు రాగానే డబ్బిచ్చి, దగ్గరుండి కడప బస్సు ఎక్కించి వచ్చారు. పాప బతికింది. ఇప్పుడు కువైట్ నుంచి డబ్బు పంపింది ఆ పాపే.

ఎంతోమంది ఎందరికో సాయం చేయడం చూశాను. సొంత చెల్లెలిలాంటి మనిషి ఏడుస్తున్నా మాట తప్పకుండా, ఆమెను వదిలిపెట్టకుండా ఒకే కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం ఆయన్నే చూశాను.

ఫోను తీసుకుంటూ ఆడబిడ్డ నవ్వింది. “మనవరాలికి ఒకటే పేరు పెట్టినాం వదినా, చర్చిలోనూ అదే. మా అన్న పెట్టిన భయం ఇంకా పోలే.”

నేనూ నవ్వాను. ఇప్పుడు పేరు కలిసిందో లేదో ఫోనే చూసుకుంటుంది. అది మంచిదే. కలవనప్పుడు పక్కన కూర్చునే వాళ్లు లేరు. మా పిల్లల్లో ఎవరికీ రెండో పేరూ లేదు. ఆయనకు రెండు పేర్లుండేవి. ఆయన సమాధి రాయి మీద ఏ పేరు చెక్కమంటారని మేస్త్రీ అడిగినప్పుడు, కార్డు చూపిస్తే సరిపోయేది. నేను రెండూ చెక్కమన్నాను.