మేకు కొట్టని తలుపు

మా మనవరాలికి పదకొండో నెలలోనే నడక వచ్చింది. నడక అనడం మర్యాదకి, అది పరుగే. అంతవరకూ మా అద్దె ఇల్లు నాకు బంగారంలాంటి ఇల్లు. విజయనగరంలో మేడమీద వాటా, రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, వరండా చివర కిందికి మెట్లు. పిల్ల నడిచిన మర్నాటి నుంచి నాకు ఇల్లు కనపడటం మానేసింది. బల్ల మూలలు కనపడేవి, చెయ్యి పెట్టడానికి సరిగ్గా అందే ప్లగ్గులు కనపడేవి, అన్నిటికన్నా ఎక్కువగా ఆ మెట్లు కనపడేవి.

మా అమ్మాయిది ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. అల్లుడు భోగాపురం ఎయిర్‌పోర్టులో కరెంటు పని చేస్తాడు, తెల్లారకుండానే బండి తీస్తాడు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. అమ్మాయి మళ్లీ డ్యూటీలో చేరే రోజు దగ్గర పడేసరికి, పిల్లని పగలంతా నేను చూసుకుంటానన్నాను. ముప్పై రెండేళ్లు జూట్ మిల్లులో మగ్గం మీద గోనె నేసినవాణ్ణి, మూరెడు పిల్లని చూసుకోలేనా అని కూడా అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువ.

ఆ మాట ఫోన్లో మా వియ్యపురాలి చెవిన పడింది. వాళ్లది నౌపడ దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం. ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

"మగోడివి, ఒక్కడివి, ఆ మేడమీద గుంటని ఏటి సూస్తావన్నయ్యా? వచ్చే ఆదోరం కాక పై ఆదోరం వస్తన్నాను. ఇల్లు సూస్తాను. బాగున్నాదా, ఉంచుతాను. నేదా, గుంటని మా ఊరు అట్టుకుపోతాను" అంది.

గుంటంటే మా వైపు ఆడపిల్ల. నేను సరే అన్నాను. ఫోను పెట్టేసి పిల్ల దగ్గరికెళ్లి కూచున్నాను. ఉన్నమాట చెప్పుకోవాలి. భార్య పోయాక మూడేళ్లు నేను అన్నం తినేది బతకాలి కనక. ఈ పిల్ల పుట్టాకే పొద్దున్న లేచి తల దువ్వుకోవడం మళ్లీ మొదలెట్టాను. దాన్ని తీసుకుపోతే ఆ దువ్వెన మళ్లీ గూట్లోకి పోతుంది.

ఇంటిని పిల్లకి తగ్గట్టు మార్చాలంటే నాలుగు మేకులు, రెండు బోల్టులు చాలు. అక్కడే వచ్చింది చిక్కు. మా ఇంటాయన కింద వాటాలో ఉంటారు, బజారులో బట్టల కొట్టు. ఇల్లు ఇచ్చిన రోజునే నాతో వరస కలిపి, "గోడకి సిల్లు పడకూడదు బావా. కేలండరు కోసమైనా సరే" అన్నారు. నేను మాటిచ్చాను. ఇచ్చిన మాట కోసమే మా కేలండరు ఇప్పటికీ ఫ్రిజ్జు మీద పడుకుని ఉంటుంది.

అమ్మాయి ఆన్‌లైన్లో జిగురు సామాన్లు తెప్పించింది. మూలలకి రబ్బరు ముక్కలు, అరలకి అంటించే గడియలు, టీవీని గోడకి అంటించే పట్టీ. అన్నీ తెల్లవి, ముద్దుగా ఉన్నాయి. రబ్బరు ముక్కల్ని పిల్ల ఆ పూటే ఊడపీకి నోట్లో పెట్టుకుంది. టీవీ పట్టీ రెండో రోజున దానంతటదే ఊడింది, ఊడుతూ ఊడుతూ అరచెయ్యంత రంగు తీసుకుని మరీ ఊడింది. సరిగ్గా అప్పుడే ఇంటాయన నీళ్ల మోటారు సంగతి మాట్లాడటానికి పైకొచ్చారు. గోడ వంక చూశారు, నా వంక చూశారు.

"మేకు కొట్టొద్దన్నాను గానీ గోడ వలిచీమన్నానేటి బావా?"

నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. రంగు డబ్బా తెచ్చి ఆ మచ్చని నేనే పూడ్చాను. ఆ జిగురు సామాన్లన్నీ మూటకట్టి అటకెక్కించాను. ఇక ఈ గోడల్ని చిటికెన వేలితో కూడా ముట్టుకోనని శపథం చేశాను. అమ్మాయి నవ్వింది. "ముట్టుకోకుండా ఎలా సేస్తావు నాన్నా?" అంది. అదేదో తెలిస్తే కదా చెప్పడానికి.

మర్నాడు పిల్ల నిద్రపోతున్నప్పుడు నేను నేలమీద మోకాళ్లూ చేతులూ ఆన్చి ఇల్లంతా పాకాను. దానికి ఏం కనపడుతోందో చూద్దామని. అరవై మూడేళ్ల మోకాళ్లు పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయను. తలుపు తీసే ఉంది, గుమ్మంలో ఇంటాయన చెప్పులు కనపడ్డాయి.

"ఏటి ఎతుకుతన్నావు బావా?"

"ఎతకట్లేదు. గుంటకి ఏటి కనపడతన్నాదో సూస్తన్నాను."

ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చారు. తర్వాత పంచె ఎగదోపుకుని ఆయనా కూచున్నారు, వంగి మంచం కిందికి చూశారు. "నా గోడకి కొట్టొద్దన్న మేకు నీ మంచానికే ఉన్నాది సూడు" అన్నారు. నిజమే, మంచం కోడు లోపలివైపు తుప్పు మేకు ఒకటి అంగుళం మేర బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎన్నేళ్ల నుంచి ఉందో, ఇంత ఎత్తున తిరిగే నాకు ఏనాడూ కనపడలేదు. పట్టకారు తెచ్చి పీకేశాను. సాయంత్రం ఆయన కొట్టు నుంచి బట్టల బేళ్లకి చుట్టి వచ్చే గోనె పట్టాలు ఇంత మోపు పంపించారు.

ఆ పట్టాలు చేతికి తగలగానే నాకు దారి దొరికింది. గోనె అంటే నా సొంత భాష. మగ్గం మీద నూలు తెగితే మగ్గం ఆగకముందే ముడి వెయ్యగల చేతులు ఇవి, వీటికి మేకు ఎందుకు?

ఆ వారం నేను మనిషిని కాను. బల్ల మూలలకి గోనె నాలుగు మడతలేసి పురికొసతో కుట్టి, కాళ్లకి బిగించాను. టీవీని కిటికీ ఊచలకి కట్టాను. బీరువాని ప్లగ్గులకి అడ్డంగా జరిపి, కింది అరలో బియ్యం బస్తా పెట్టాను, ఇక అది ఏనుగు తోసినా ఊగదు. వంటింటి గట్టు కింద ఉన్న డబ్బాలూ సీసాలూ అన్నీ పై అరలకెక్కించి, కింద పిల్ల కోసం స్టీలు గిన్నెలు, గరిటెలు, నాలుగు ఉల్లిపాయలు వదిలాను. వరండా ఊచల మధ్య సందుల్ని పురికొసతో వల అల్లి మూసేశాను.

అన్నిటికన్నా గొప్పది వీధి గుమ్మం. నాలుగు వెదురు కర్రలతో చట్రం కట్టి, దాన్ని నులకమంచంలా అల్లి సగం తలుపు చేశాను. గుమ్మానికి ఒక పక్క కిటికీ ఊచలు, రెండో పక్క వరండా ఇనప స్తంభం. రెండింటికీ మధ్య, గడపకి ఆనించి ఆ తలుపు కట్టాను. పెద్దవాళ్లు పైనున్న కొస లాగితే ఒక్క లాగుతో ఊడుతుంది, పిల్ల కింద ఎంత గుంజితే అంత బిగుస్తుంది. అమ్మాయి ఫొటో తీసి వాళ్ల ఆస్పత్రిలో అందరికీ చూపించింది. నేను వద్దనలేదు. రోజుకి పదిసార్లు ఆ తలుపు ముందు నిలబడి నా పనితనం నేనే చూసుకునేవాణ్ణి.

ఆదివారం పొద్దున్న పాసింజరు దిగి వియ్యపురాలు వచ్చింది. చేతిలో ఖాళీ సంచీ, పిల్ల బట్టలు సర్దుకుపోవడానికి. ఆ సంచీని చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

కాఫీ కూడా ముట్టకుండా ఇల్లంతా తిరిగింది. బల్ల మూల మీద మోచేత్తో పొడిచి చూసింది. బీరువాని భుజంతో తోసింది. ఎడ్లకి పలుపులు కట్టిన చెయ్యి ఆవిడది, నా తలుపుని రెండు చేతులా పట్టుకుని ఊపితే కిటికీ ఊచలు మోగాయి గాని ముడి కదల్లేదు.

"బాగా కట్టినావన్నయ్యా" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెంటనే అడిగింది, "మరి గుంట గడప దాటిందేటి? గారెలు ఎప్పుడు వండినారు?"

మా ఇళ్లలో పిల్లలు తొలి అడుగులేస్తే అరిసెలు, తమంతట తాము గడప దాటితే గారెలు వండి పంచుతారు. అరిసెలు అయిపోయాయి. గారెల మాట అమ్మాయికీ గుర్తు లేదు, నాకూ లేదు. మా వాటాకి ఉన్నదే ఒక్క గడప, అది దాటడానికి దానికి దారి ఏది? మెట్ల భయంతో నడక వచ్చినప్పటి నుంచీ ఆ గుమ్మం దగ్గర దాన్ని ఎత్తుకునే తిరిగాను, ఆ పైన తలుపే కట్టేశాను.

"దూడని కట్టినట్టు కట్టీసినావు. మా ఇంటికాడ వాకిలున్నాది, నాలుగు గడపలున్నాయి. నాను అట్టుకుపోతాను" అంది.

ఆవిడ మాటలో తప్పు లేదు. అదే నాకు ఎక్కువ మంట. వెళ్లి కొస లాగాను. తలుపు ఊడి చేతికొచ్చింది. దాన్ని గోడకి ఆన్చి, నేను మెట్లకి అడ్డంగా వరండాలో కూచున్నాను. "రా" అన్నాను.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. గడప దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయింది. చెయ్యి చాపి, తలుపు ఉండాల్సిన చోట తడిమింది. అక్కడ ఏమీ లేదు. అయినా అడుగు పడలేదు. నా వైపు చూసింది. నేను కట్టిన తలుపు నా పిల్ల బుర్రలో కూడా కట్టుకుపోయిందని అప్పుడు తెలిసింది. ఎత్తుకుందామని చేతులు లేచాయి, బలవంతాన తొడల కింద పెట్టుకున్నాను.

అది గడపని చూసింది. ఎత్తు కొలుచుకున్నట్టు చూసింది. ఆపైన నిమ్మళంగా వెనక్కి తిరిగింది, గడప మీద బోర్లా పడుకుంది, ముందు ఒక కాలు వెనక్కి దించింది, నేల తగిలిందో లేదో బొటనవేలితో చూసుకుంది, రెండో కాలు దించింది. లేచి నిలబడి, చేతులు దులుపుకుని నా ఒళ్లోకి వచ్చి పడింది.

మంచం దిగడం అలాగే నేర్పాను దానికి. నెల రోజులు, రోజుకి ఇరవై సార్లు, వెనక్కి తిరుగు, కాలు దించు, నేల చూసుకో అని. తలుపు ఫొటో అందరూ చూశారు గాని ఇది ఎవరూ చూడలేదు. నేనే పనిగా లెక్కవెయ్యలేదు. ఆ క్షణంలో నాకు కలిగినంత గర్వం ముప్పై రెండేళ్లు నేసిన గోనెంతా కలిపినా ఇవ్వలేదు.

వియ్యపురాలు గడప లోపలే నిలబడి ఉంది. "ఓలమ్మో, ఎనక్కి తిరిగి దాటిందేటి!" అంది. తర్వాత కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. లోపల్నుంచి కేక వినపడింది.

"మినప్పప్పు అంత పైకి ఎట్టీసినావేటన్నయ్యా? నాకు అందొద్దా?"

పప్పు దించి ఇచ్చాను. మధ్యాహ్నానికి పప్పు నానింది, మూడింటికల్లా నూనె కాగింది. మొదటి వాయ ఇంటాయనకి పట్టుకెళితే గారెని పైకెత్తి దాని చిల్లులోంచి నన్ను చూసి, "గోడకొద్దంటే వీటికెట్టినావా బావా?" అన్నారు. ఆ పూట అందరికన్నా ఎక్కువ తిన్నది మా అమ్మాయి.

సాయంత్రం బండికి వియ్యపురాలు బయల్దేరింది. చెప్పులేసుకుని, ఆ ఖాళీ సంచీ తీసి నా ముందు చాపింది. పిల్ల గౌన్లు దండెం మీద ఆరుతున్నాయి, వాటిని తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

"గౌన్లు కావు, గారెలెట్టు. ఇంటికాడ అడుగుతారు" అంది.